పాత స్పోర్ట్స్ కారు: ఇక్కడి కంపెనీదా, దిగుమతిదా?

వారాంతాల్లో నడుపుకోవడానికి ఒక పాత పెర్ఫార్మెన్స్ కారు కొనాలని నిశ్చయించుకున్న రోజు నుంచి దాన్ని ఇంటికి తెచ్చుకున్న రోజు వరకు నాకు ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో దాదాపు ప్రతి రాత్రీ, పిల్లలు పడుకున్నాక, ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాను: అమెరికాలో ఉంటున్న నేను ఇక్కడి కంపెనీల వి8 కారు, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ ఉన్న కారు తీసుకోవాలా, లేక జపాన్ నుంచో జర్మనీ నుంచో వచ్చిన కారు తీసుకోవాలా? నేను అనుకున్న డబ్బుకు రెండు రకాలూ దొరుకుతున్నాయి. మాన్యువల్ గేర్లు ఉండాలన్నది ఒక్కటే నా పట్టుదల. అంత కాలం తీసుకున్నందుకు నాకు చింత లేదు, ఎందుకంటే వెతుకులాట సగానికి వచ్చేసరికి నేను అడుగుతున్న ప్రశ్నే మారిపోయింది.

అసలు 'ఇక్కడి కారు' అంటే ఏమిటో ముందు తేల్చుకోవలసి వచ్చింది. ముందు అద్దం కింది మూలన కనిపించే 17 అక్షరాల గుర్తింపు సంఖ్యలో మొదటి అక్షరం ఆ బండి ఏ దేశంలో తయారైందో చెబుతుంది: 1, 4, 5 అయితే అమెరికా, 2 అయితే కెనడా, 3 అయితే మెక్సికో, జె అయితే జపాన్, డబ్ల్యూ అయితే జర్మనీ. ఆ ఒక్క అక్షరాన్ని గమనిస్తూ పోతే నా లెక్కలు చాలావరకు తారుమారయ్యాయి. 2010 నుంచి 2015 వరకు వచ్చిన షెవర్లే కమారో కెనడాలోని ఓషావాలో తయారైంది. అమెరికన్ కండబలానికి ప్రతీకగా అందరూ చెప్పుకునే డాడ్జ్ ఛాలెంజర్ కూడా కెనడాలోనే, బ్రాంప్టన్‌లో తయారైంది. 2004 నుంచి 2006 వరకు అమ్మిన పాంటియాక్ జీటీఓ అయితే ఇంకా దూరం నుంచి, ఆస్ట్రేలియాలోని హోల్డెన్ కర్మాగారం నుంచి వచ్చింది కనుక దాని సంఖ్య 6తో మొదలవుతుంది. మరోవైపు బీఎండబ్ల్యూ జెడ్3 దక్షిణ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో పుట్టింది, 2016లో కొత్త రూపంతో మళ్లీ వచ్చిన, హోండా వారి అక్యూరా ఎన్ఎస్ఎక్స్ ఒహాయోలోని మేరీస్‌విల్‌లో పుట్టింది.

కొత్త కారు కొనేవారికి ఈ వివరం దేశాభిమానానికో, కార్మికుల ఉపాధికో సంబంధించిన విషయం కావచ్చు, అది తక్కువ చేసి చూడవలసిన విషయం కూడా కాదు. పది, పదిహేనేళ్లు నడిచిన కారు కొనేవారికి మాత్రం అంతకంటే అక్కరకు వచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది: ఈ బండిలో ఉన్న ఇంజిన్ ఇంకా ఎన్ని వేల బండ్లలో ఉంది, ఇది చెడిపోయిన నాడు విప్పి చూడగలిగిన మనిషి ఎంత దూరంలో ఉన్నాడు?

ఈ కోణం నుంచి చూస్తే ఇక్కడి వి8 కార్ల బలం స్పష్టంగా కనిపిస్తుంది. జనరల్ మోటార్స్ వారి ఎల్ఎస్ కుటుంబం 1997 నాటి ఐదో తరం కోర్వెట్ స్పోర్ట్స్ కారులో 5.7 లీటర్ల ఎల్ఎస్1గా మొదలై, 2008 నాటికి అదే కారు ఆరో తరంలో 430 హార్స్‌పవర్ ఇచ్చే 6.2 లీటర్ల ఎల్ఎస్3 దాకా ఎదిగింది. దాని నిర్మాణం చూడటానికి పాతకాలపుదే: బ్లాకు మధ్యలో వాల్వులను తెరిచే ఇరుసు (క్యామ్‌షాఫ్ట్) ఒక్కటే, సిలిండర్‌కు రెండే వాల్వులు. అయితే ఆ సాదాతనం వల్లే ఇంజిన్ ఎత్తు తక్కువగా ఉంటుంది, కదిలే భాగాలు తక్కువగా ఉంటాయి, పెద్ద ఘనపరిమాణం వల్ల తక్కువ తిరుగుళ్లలోనే (ఆర్‌పీఎం) బలం వస్తుంది. అన్నింటికంటే ముఖ్యంగా, అదే కుటుంబపు ఇంజిన్లు ఆ కంపెనీ పికప్ ట్రక్కుల్లోనూ పెద్ద ఎస్‌యూవీల్లోనూ లక్షల సంఖ్యలో వెళ్లాయి కాబట్టి, సెన్సారు కావలసినా వాటర్ పంపు కావలసినా, చివరకు మొత్తం ఇంజినే కావలసినా పాత బండ్ల యార్డులో దొరికే అవకాశం ఉంటుంది. ఫోర్డ్ మస్టాంగ్ జీటీలో 2011 నుంచి వస్తున్న 5 లీటర్ల కయోటీ ఇంజిన్ ఇంతకంటే ఆధునికమైనది. నాలుగు క్యామ్‌షాఫ్ట్‌లు, సిలిండర్‌కు నాలుగు వాల్వులు. దానికి కూడా అదే ఏడాది ఎఫ్-150 ట్రక్కులో చోటు దొరికింది. దేశంలో ప్రతి చిన్న ఊళ్లోనూ ట్రక్కులు బాగుచేసే మెకానిక్ ఉంటాడు కాబట్టి, ఆ ట్రక్కుకు చుట్టమైన ఇంజిన్‌ను బాగుచేసే మెకానిక్ కూడా ఉన్నట్లే.

పాంటియాక్ జీటీఓ ఈ విషయాన్ని రెండు వైపుల నుంచీ చూపిస్తుంది. పాంటియాక్ కూడా జనరల్ మోటార్స్‌దే కాబట్టి దాని ఇంజిన్ కోర్వెట్ నుంచి వచ్చినదే. మొదటి ఏడాది ఎల్ఎస్1, తర్వాతి రెండేళ్లు 400 హార్స్‌పవర్ ఎల్ఎస్2. ఆ ఇంజిన్‌కు ఏ భాగం కావాలన్నా ఇబ్బంది లేదు. హెడ్‌లైట్ పగిలినా బంపర్ చితికినా మాత్రం ప్రపంచానికి అవతలి కొసన పుట్టిన కారు అని గుర్తుకు వస్తుంది. పాంటియాక్ అన్న పేరే మూతపడింది, ఆస్ట్రేలియాలో హోల్డెన్ తయారీ కూడా 2017 అక్టోబరులో ఆగిపోయింది. బండి ఒకటే అయినా ఇంజిన్ విషయంలో అది పక్కింటిది, రేకు విషయంలో పరదేశిది. ఆ కారంటే నాకు ఎంతో ఇష్టం ఉన్నా, ఈ కారణం వల్లే జాబితా నుంచి తీసేశాను.

ఇక దిగుమతి కార్ల సంగతి. వీటి గురించి రాసేటప్పుడు నా మనసు కొంత మెత్తబడుతుందని ముందే ఒప్పుకోవాలి, ఎందుకంటే చిన్నప్పటి నుంచి నన్ను ఆకర్షించినవి ఇవే. రెండు లీటర్ల ఇంజిన్ నుంచి, గాలిని ఒత్తిడితో నింపే టర్బో లేకుండా 240 హార్స్‌పవర్ రాబట్టి, నిమిషానికి 9,000 తిరుగుళ్ల వరకు పరుగెత్తే మొదటి హోండా ఎస్2000ను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3లోని 3.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ 333 హార్స్‌పవర్ ఇస్తూ దాదాపు 8,000 తిరుగుళ్ల దాకా తిరుగుతుంది. 2004లో ఈ దేశానికి వచ్చిన సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్‌టీఐ నాలుగు చక్రాలకూ 300 హార్స్‌పవర్ పంచి, వానలోనూ మంచులోనూ మరే కారూ ఇవ్వని ధైర్యం ఇస్తుంది. ఇవన్నీ చిన్న ఇంజిన్ నుంచి పెద్ద పని చేయించుకున్న కార్లు. పని చేయించుకున్నదానికి తగ్గట్టు వాటిని చూసుకోవాలి కూడా.

ఎం3 ఇంజిన్ సంగతే కొంచెం దగ్గరగా చూద్దాం. ఇంజిన్‌లో తిరిగే ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్‌కూ, పిస్టన్‌ను దానికి కలిపే కనెక్టింగ్ రాడ్‌కూ నడుమ పలుచని లోహపు బేరింగు ఉంటుంది. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఆ బేరింగు, వెంట్రుక మందం కూడా లేని ఆయిల్ పొర మీద తేలుతూ ఉంటుంది. ఆ పొర చెదిరిన క్షణంలో లోహం లోహాన్ని తాకుతుంది. తిరుగుళ్లు పెరిగేకొద్దీ ఆ రాడ్‌ను లాగే బలం తిరుగుళ్ల వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది కాబట్టి, 4,000 వద్ద పడే ఒత్తిడికి 8,000 వద్ద రెట్టింపు కాదు, నాలుగు రెట్లు పడుతుంది. అందుకే ఆ ఇంజిన్‌కు 10డబ్ల్యూ-60 అనే చిక్కటి ఆయిల్ చెప్పారు, వాల్వుల దగ్గర ఉండవలసిన సన్నని ఖాళీని (వాల్వ్ క్లియరెన్సు) నిర్ణీత మైళ్లకోసారి చేత్తో సరిచూడాలన్నారు. చిక్కటి ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు మెల్లగా పారుతుంది. అది వేడెక్కకముందే ఇంజిన్‌ను గట్టిగా తిప్పిన యజమాని చేతిలో ఆ బేరింగు ఆయుష్షు తగ్గుతుంది, ఓపికగా వేడెక్కనిచ్చిన యజమాని చేతిలో పెరుగుతుంది. ఈ కార్లలో బేరింగులను ముందు జాగ్రత్తగా మార్పించుకునే ఆచారం, వెనక చక్రాల భాగాలను మోసే సబ్‌ఫ్రేమ్ బిగించే చోట నేల రేకు చీలిందేమో పైకెత్తి చూసే ఆచారం ఎందుకు ఏర్పడ్డాయో ఇది తెలిశాక అర్థమయింది. ఎస్‌టీఐలో పిస్టన్ మీద రింగుల గాడుల మధ్య ఉండే గట్లు విరగడం గురించి కూడా ఎంతో చర్చ ఉంది. టర్బో ఒత్తిడిని పెంచి, ఇంధనం పాళ్లను కంప్యూటర్‌లో మార్చి నడిపిన బండ్లకు ఆ ప్రమాదం ఎక్కువ.

మా బావ దగ్గర పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల జపాన్ కారు (రోడ్‌స్టర్) ఒకటి పదేళ్లుగా ఉంది. సలహా అడిగితే, తన కారునే పొగుడుతాడని అనుకున్న నాకు ఆశ్చర్యం కలిగించాడు. "బావా, పోయినేడు ఒక చిన్న భాగం కోసం మూడు వారాలు బండి స్టాండుల మీదే ఉంది. నాకు బాధ అనిపించలేదు, ఆఫీసుకు వేరే కారు ఉంది, సాయంత్రాలు దాన్ని తుడుచుకుంటూ కూర్చున్నాను. నీకు అలా కూర్చునే తీరిక ఉందా, అది చూసుకో ముందు" అన్నాడు. నా సాయంత్రాలు ఎలా గడుస్తాయో అతనికి తెలుసు కాబట్టే ఆ మాట అన్నాడు.

ఆ మాట మనసులో ఉన్నా, మొదట చూడటానికి వెళ్లింది దిగుమతి కారునే. అది ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే అందులో నాకు కనిపించిన లోపాలు దాన్ని తయారు చేసినవారివి కావు, వాడినవారివి. టర్బో ఉన్న నాలుగు సిలిండర్ల బండి, ఫోటోల్లో అద్దంలా మెరిసింది. ఫోటోలు చూసి కారు గురించి ఒక అభిప్రాయానికి రావడమంటే నీళ్లలో ఉన్న గేదెను బేరమాడినట్టే అని పెద్దలు చెప్పిన మాట నాకు తెలియనిది కాదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలని, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే ఫోనులో కోరాను. ఉదయం తొమ్మిదింటికి వెళ్లి, మాటల మధ్యలో బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూస్తే, అది అప్పుడే దించిన పాలగిన్నెలా వెచ్చగా ఉంది. పక్కింటికి వెళ్లి వచ్చామని చెప్పారు. చల్లటి ఇంజిన్ మొదటి అర నిమిషంలో చేసే చప్పుడే దాని ఆరోగ్యం గురించి ఎంతో చెబుతుంది, ఆ అర నిమిషం నాకు దక్కకుండా పోయింది.

అయినా దగ్గరలో ఒక స్వతంత్ర మెకానిక్‌తో తనిఖీకి ఏర్పాటు చేసుకున్నాను కాబట్టి అక్కడికి తీసుకువెళ్లాం. స్టీరింగు కింద ఉండే సాకెట్‌కు ఆయన స్కానర్ తగిలించగానే, లోపాల కోడ్ ఒక్కటీ లేదు, కానీ స్వీయపరీక్షల్లో సగానికి పైగా 'పూర్తి కాలేదు' అని చూపించాయి. 1996 నుంచి ఇక్కడ అమ్మిన పెట్రోలు కార్లన్నింటిలో ఉండే ఈ వ్యవస్థ, కోడ్‌లు చెరిపేసినప్పుడో బ్యాటరీ తీసినప్పుడో ఆ పరీక్షలను మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. మామూలుగా కొన్ని రోజులు నడిపితేనే అవి పూర్తవుతాయి. అంటే ఈ మధ్యే ఎవరో ఏదో చెరిపేశారన్నమాట. తర్వాత ఆయన ఒక్కొక్క సిలిండర్‌లోకీ గాలి ఒత్తిడి పంపి, ఎంత శాతం కారుతోందో చూశారు. మూడు సిలిండర్లు పది శాతం లోపే చూపించాయి. నాలుగోది ముప్పై దాటింది. ఆయన ఆయిల్ పోసే మూత తీసి, నన్ను దగ్గరకు రమ్మని, చెవి పెట్టి వినమన్నారు. లోపలి నుంచి సన్నగా, ఎడతెగకుండా, టైరు ట్యూబుకు సూది రంధ్రం పడితే వచ్చే బుసలాంటి శబ్దం వచ్చింది. ఆ గాలి పొగ గొట్టం వైపు పోతే వాల్వుది తప్పు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్‌ది, ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే పిస్టన్ రింగులదని ఆయన చెప్పారు. అమ్మజూపినవారికి నమస్కారం చెప్పి వచ్చేశాను. తనిఖీకి ఇచ్చిన డబ్బు ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన అత్యంత సార్థకమైన ఖర్చు.

ఇది చదివి ఇక్కడి కార్లు క్షేమమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. తర్వాతి నెలలో చూసిన అమెరికన్ వి8 కూపే ఇంతకంటే దీనంగా ఉంది. దాని వెనక టైర్ల పక్క గోడ మీద, తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ తెలిపే నాలుగు అంకెలు ముందు టైర్ల కంటే మూడేళ్లు కొత్తవి. నడిచిన మైళ్లు చూస్తే ముందు టైర్లలో ఇంకా సగం జీవం మిగిలే ఉంది. వెనకవి మాత్రమే అంత త్వరగా అరిగిపోయాయంటే వాటిని నిలిచిన చోటే గిర్రున తిప్పి పొగబెట్టడానికి వాడారని అర్థం. వెనక చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ చుట్టూ నూనె తడి, మూడో గేరులో గట్టిగా తొక్కితే తిరుగుళ్లు పెరిగి వేగం పెరగని క్లచ్, దిగాక కాలిన వాసన. చవకగా దొరికే బలం కాబట్టి చవకగా ఖర్చు పెట్టేవారి చేతుల్లో కూడా ఈ కార్లు ఎక్కువగానే పడతాయి. ఎంత మొండి ఇంజిన్ అయినా లోపాలకు అతీతం కాదు: ఆరో తరం కోర్వెట్ జెడ్06లోని 7 లీటర్ల ఎల్ఎస్7లో వాల్వ్ గైడ్లు ముందుగానే అరిగిపోయే ఇబ్బంది, ఎం3 బేరింగుల సంగతి ఎంత ప్రసిద్ధమో అంత ప్రసిద్ధం.

ఈ దశలో కొన్నాళ్లు మూడో దారి కూడా ఆలోచించాను. 1988 నాటి చట్టం ప్రకారం, తయారై 25 ఏళ్లు నిండిన కారును ఇక్కడి భద్రతా ప్రమాణాలతో నిమిత్తం లేకుండా తెచ్చుకోవచ్చు. అందువల్లే ఈ దేశంలో ఎన్నడూ అమ్మని నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34 బండ్లలో మొట్టమొదటివి 2024 నుంచి చట్టబద్ధంగా రావడం మొదలైంది. అవి నాలాంటివాడి స్తోమతకు మించినవి. స్తోమతలో ఉన్న ఇతర బండ్లకు కూడా స్టీరింగు కుడివైపు, భాగాలు సముద్రం అవతల. 2025 ఏప్రిల్‌లో దిగుమతి కార్ల మీద, మే నుంచి విడిభాగాల మీద 25 శాతం అదనపు సుంకం వచ్చింది. తర్వాత కొన్ని దేశాలతో కుదిరిన ఒప్పందాల వల్ల అది తగ్గినా, సముద్రం దాటి రావలసిన భాగాల ధరల మీద ఆధారపడే ఉత్సాహం నాకు తగ్గిపోయింది.

చివరకు నేను కొన్నది 2013 నాటి మస్టాంగ్ జీటీ. మొదటి యజమాని నుంచే, నేరుగా కొన్నాను. వెళ్లేసరికి బానెట్ చల్లగా ఉంది. ఆయన తాళం నా చేతికే ఇచ్చి మీరే స్టార్ట్ చేయండి అన్నారు. నాలుగు టైర్లవీ ఒకే వారపు అంకెలు. గ్లవ్ బాక్సులో నీలిరంగు అట్ట ఉన్న చిన్న నోటుపుస్తకం ఒకటి ఉంది: ప్రతి ఆయిల్ మార్పు తేదీ, అప్పటి మైళ్లు, ఎనిమిది క్వార్టుల 5డబ్ల్యూ-20 ఏ డబ్బాలోది, చివర అక్షరాలు కొంచెం వంకరపోయేంత వయసులో కూడా ఒక్క పంక్తి విడిచిపెట్టకుండా రాశారు. నా మెకానిక్ చేసిన పరీక్షలన్నీ ఆ పుస్తకం చెప్పినదాన్నే మళ్లీ చెప్పాయి. ఆ రోజు అంత శ్రద్ధగా చూసుకున్న దిగుమతి కారు ఎదురుపడి ఉంటే, బావ చెప్పిన మాటను కూడా పక్కకు నెట్టి బహుశా దాన్నే తెచ్చుకునేవాడిని.

నడకలో వదులుకున్నది ఏమిటో కూడా చెప్పాలి. 2015లో రూపం మారేదాకా మస్టాంగ్ జీటీకి వెనక వైపు రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు ఉండేది. ఒక చక్రం గతుకులో పడితే ఆ సంగతి రెండో చక్రానికి కూడా తెలుస్తుంది. నున్నటి రోడ్డు మలుపులో ఈ కారు ఎంతో నిబ్బరంగా ఉంటుంది, అదే మలుపులో గతుకు ఉంటే వెనక భాగం అర జానెడు పక్కకు అడుగు వేసినట్లు అనిపిస్తుంది. బరువు కూడా బావ రోడ్‌స్టర్‌తో పోలిస్తే ఎక్కువే. మలుపులోకి తిప్పిన చెయ్యికీ, తిరిగిన ముక్కుకూ మధ్య ఒక చిన్న ఆలోచన ఉంటుంది. దానికి బదులుగా, నాలుగో గేరులో 2,000 తిరుగుళ్ల దగ్గర మెల్లగా తొక్కితే చాలు, గేరు మార్చే పని లేకుండానే బండి ఒక్క గుక్కలో కదలి ముందుకు వస్తుంది. 420 హార్స్‌పవర్‌లో పావు వంతు కూడా వాడని ఆ మామూలు నడకలోనే దాని అసలు స్వభావం తెలుస్తుంది.

కిందటి శనివారం బావ తన కారు తాళం ఇచ్చి, నాది తీసుకుని, ఇద్దరం ఒకరి వెనక ఒకరం రెండు గంటలు తిరిగాం. అతని కారులో ఎర్ర గీత దగ్గరికి ముల్లు వెళ్తున్నప్పుడు నా చెవుల్లో మోగిన కూత రాత్రి పడుకున్నాక కూడా వినిపించింది. దిగగానే అతను అడిగింది నా కారు వెనక ఇరుసు గురించి. డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) మారిస్తే ఆ అడుగు సగం తగ్గుతుందని అన్నాడు. వచ్చే నెలలో ఆ పని ఇంటి గ్యారేజీలోనే ఇద్దరం కలిసి చేయాలనుకున్నాం. డ్యాంపర్లు మన దగ్గరి స్పేర్ పార్టుల దుకాణంలోనే ఉన్నాయి, ఫోను చేసి కనుక్కున్నాను. నీలి అట్ట పుస్తకంలో ఆయన చేతిరాత ఆగిన చోట, ఒక గీత కింద, నా మొదటి ఆయిల్ మార్పు తేదీ ఇప్పటికే రాసి ఉంది.